చదివిన చదువు మనతో పాటు వస్తుందా? మద్రాసు నుంచి క్రెడిట్ బ్యాంకు దాకా

పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల హాస్టళ్లలో ఉండి డిగ్రీ చదివే మా అందరికీ ఎప్పుడో ఒకసారి వచ్చే అనుమానం ఇది. మధ్యలో ఊరు మారాల్సి వస్తే అప్పటిదాకా చదివింది ఏమవుతాది? మన ఇండ్లల్లో ఊరు మారడం కొత్తేం కాదు. మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు పోతారు, బేల్దారి పనికి బెంగళూరు పోతారు. ఆడపిల్లకు పెండ్లయితే అత్తగారి ఊరు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే కాబట్టి ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అందుకే నలుగురం కూర్చుని, పుస్తకాలు, రూల్సు తిరగేసి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాం.

ఊరు దాటడానికి మన పెద్దలకు ఒకప్పుడు పాస్ కావాల్సి వచ్చేది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని తిరగరాసినాక మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. మన దిక్కు ఎక్కువగా దెబ్బ తిన్నది ఎరుకల కుటుంబాలు. పేరు రిజిస్టర్‌లో ఎక్కినోళ్లు చెప్పిన టైముకు హాజరు వేయించుకోవాలి, ఊరు విడిచి పోవాలంటే చీటీ రాయించుకోవాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మా కాలేజీలో మొదటిసారి 'మైగ్రేషన్ సర్టిఫికెట్' అనే మాట విన్నప్పుడు మాకు గుర్తొచ్చింది ఆ చీటీనే. రెండూ ఒకటి కాదు, తెలుసు. మైగ్రేషన్ అనేది యూనివర్సిటీ మారేటప్పుడు పాత యూనివర్సిటీ ఇచ్చే మామూలు కాగితం. అయినా కదలాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి అనే సంగతి మనోళ్లకు వేరే రకంగా తగులుతాది.

ఇంక చదువు సంగతి. మద్రాసు యూనివర్సిటీ 1857లో మొదలైంది. అప్పట్లో అది ముఖ్యంగా పరీక్షలు పెట్టే సంస్థ, పాఠాలు చెప్పేది దాని కింద ఉన్న కాలేజీలు. మెట్రిక్ అయినాక రెండేండ్లకు ఎఫ్.ఏ., ఇంకో రెండేండ్లకు బి.ఏ. ఎఫ్.ఏ. పాసైతే అది ఒక అర్హత, దాంతో ఉద్యోగమూ చూసుకోవచ్చు, అదే యూనివర్సిటీ కింద వేరే కాలేజీలో బి.ఏ.లోనూ చేరవచ్చు. అంటే సగం చదువుకు కూడా ఒక కాగితం ఉండేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తాది. అయితే ఆ కాలేజీలు మన జిల్లా వాళ్లకు దూరం. అనంతపురంలో దత్తమండలాల కాలేజీ వచ్చిందే 1916లో. తండాల్లో, ఎరుకల కాలనీల్లో అప్పటికి బడే లేదు, కాలేజీ మాట ఎక్కడిది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టినారు. రాయలసీమ కాలేజీలు దాని కిందికి పోయినాయి. కేంద్రం వాల్తేరులో అనేసరికి సీమ నాయకులు ఒప్పుకోలేదు, యాడ కడప, యాడ వాల్తేరు! కాలేజీలు మళ్లీ మద్రాసు కిందికే వచ్చినాయి. 1937 నవంబరులో జరిగిన శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో కూడా ఒక యూనివర్సిటీ కేంద్రం ఉండాలని రాసుకున్నది ఈ కోపంతోనే. చివరికి 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1977లో దాని పీజీ సెంటర్ కడపలో పెట్టినారు. 2006లో ఆ సెంటరే యోగి వేమన విశ్వవిద్యాలయం అయింది. ఇప్పుడు మన మూడు ఊర్ల డిగ్రీ కాలేజీలు దాని కిందనే ఉన్నాయి.

ఒకటి గమనించండి. కాలేజీలు ఉన్నచోటనే ఉండి మద్రాసు, వాల్తేరు, మళ్లీ మద్రాసు, తిరుపతి, కడప అని యూనివర్సిటీలు మారినాయి. దానికి చట్టాలు చేసినారు, ఒప్పందాలు రాసుకున్నారు. కానీ ఒక పిల్లోడు తనంతట తాను ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి పోతే వాడు చదివింది ఎట్లా లెక్కపెట్టాలో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఏడాదికొకసారి పరీక్షలు ఉన్న కాలంలో రెండేండ్లు పాసై మూడో ఏడు ఆగిపోయినోళ్లు కాగితం మీద ఇంటర్ చదివినోళ్లే. అట్లాంటోళ్లు మన ఊర్లల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

మరి క్రెడిట్ అనే లెక్క ఎక్కడిది? దీని వెనక ఒక తమాషా ఉంది. 1906 ప్రాంతంలో అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ ప్రొఫెసర్లకు పింఛను ఇస్తామనింది. ఏది అసలైన కాలేజీనో తేల్చడానికి, పిల్లోళ్లు హైస్కూల్లో ఒక సబ్జెక్టు ఎన్ని గంటలు చదివి వచ్చినారో లెక్క అడిగింది. 120 గంటలు ఒక యూనిట్. పంతుళ్ల పింఛను కోసం గట్టిపడిన ఆ లెక్కే చదువును గంటల్లో కొలిచే పద్ధతి అయి కూర్చుంది. యూరప్‌లో 1989లో దేశం మారే విద్యార్థుల కోసం క్రెడిట్ బదిలీ మొదలుపెట్టినారు. మన దగ్గర 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో ఇగ్నో వచ్చినాయి. ఇగ్నోలో 30 గంటల చదువు ఒక క్రెడిట్. మన డిగ్రీ కాలేజీలకు సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చింది మాత్రం 2015-16లో.

ఇప్పటి లెక్క ఇది. సెమిస్టర్‌లో 15 గంటలు పాఠం వింటే ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే 30 గంటలకు ఒకటి. యూజీసీ 2022 ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఒక ఏడాది, అంటే 40 క్రెడిట్లు అయినాక ఆగిపోతే, ఇంకో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా చేసి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. రెండేండ్లు, 80 క్రెడిట్లకు ఇట్లే డిప్లొమా. 120కి మూడేండ్ల డిగ్రీ, 160కి ఆనర్స్. మధ్యలో బయటికి పోయినోళ్లు మూడేండ్ల లోపల మళ్లీ చేరవచ్చు, మొత్తం ఏడేండ్లలో పూర్తి చేయాలి. ఎఫ్.ఏ. రోజుల నాటి సగం చదువు కాగితం నూరేండ్లకు తిరిగొచ్చిందన్న మాట. కొత్తగా కనిపెట్టినట్టు చెప్తారు గానీ.

2021 జులై 28న యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ రూల్సు తెచ్చింది. డిజిలాకర్‌లో 12 అంకెల నంబరుతో ఖాతా తెరుచుకోవాలి. పేరుకు బ్యాంకే గానీ మనం పోయి అందులో ఏమీ వేయలేము. పాసైన సబ్జెక్టుల క్రెడిట్లను మన యూనివర్సిటీ లేదా కాలేజీ మాత్రమే జమ చేస్తాది. 2021-22 నుంచి తెచ్చుకున్న క్రెడిట్లే చెల్లుతాయి, అవి గరిష్ఠంగా ఏడేండ్లు ఉంటాయి. ఒక డిగ్రీకి వాడినవి ఇంకో డిగ్రీకి వాడలేము.

ఇక్కడ మనోళ్లు ఎక్కువగా పొరపడేది ఒకటుంది. క్రెడిట్ బదిలీ వేరే, సీటు వేరే. ఖాతాలో 80 క్రెడిట్లు ఉన్నా కొత్త కాలేజీలో ఖాళీ ఉండాలి, వాళ్లు చేర్చుకోవాలి. పాత సబ్జెక్టులు తమ సిలబస్‌కు సరిపోతాయో లేదో వాళ్లు చూస్తారు, తక్కువైన పేపర్లు రాయమంటారు. టీసీ, మార్కుల మెమోలు, యూనివర్సిటీ మారితే మైగ్రేషన్, ఇవన్నీ మామూలే. స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు కూడా పాత కాలేజీ పేరు మీదే ఉంటాయి, వాటి సంగతి ముందే తేల్చుకోకుండా టీసీ తీసుకోవద్దు.

ఇంకో మెలిక, డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు చదివి ఉండాలి. మాకు తెలిసిన ఒక అక్క 2021లో మన దిక్కే డిగ్రీలో చేరి, నాలుగు సెమిస్టర్లు పాసై, పెండ్లయి బెంగళూరు పోయింది. మిగిలిన రెండు సెమిస్టర్లు అక్కడ చదివి మూడేండ్ల డిగ్రీ తీసుకుందామంటే కుదరదు, మూడింట ఒక వంతే అక్కడిది అవుతాది. పైగా రాష్ట్రం మారితే సిలబస్ మారుతాది. కర్ణాటక 2021-22లో నాలుగేండ్ల పద్ధతి పెట్టి 2024-25లో మళ్లీ మూడేండ్లకు వచ్చింది. మన రాష్ట్రంలో ఉన్నత విద్యామండలి అన్ని యూనివర్సిటీలకూ దాదాపు ఒకే సిలబస్ ఇస్తాది కాబట్టి కడప నుంచి తిరుపతికో అనంతపురానికో మారడం దానికంటే సులభం. ఆ అక్కకు మేము చెప్పింది, పాత కాలేజీలోనే తిరిగి చేరే వీలుందేమో ముందు కనుక్కోమని.

ఇంజనీరింగ్ వాళ్లకు జిల్లాలోనే ఈ ఇబ్బంది ఉంది. ప్రొద్దుటూరు ఇంజనీరింగ్ కాలేజీ యోగి వేమన వాళ్లది, పులివెందులది అనంతపురం జేఎన్‌టీయూ వాళ్లది. ముద్దనూరు మీదుగా బస్సెక్కితే ఒక పూటలో పోయే దూరం, కాగితాల్లో మాత్రం వేరే యూనివర్సిటీ.

ఇప్పుడు అసలు పని. 2021-22లో జమ అయిన క్రెడిట్లకు 2028-29 ప్రాంతంలో గడువు తీరిపోతాది. ఆ ఏడాది గానీ ఆ తర్వాత గానీ డిగ్రీలో చేరి మధ్యలో ఆపేసినోళ్లు మీ తండాలో, మీ కాలనీలో ఉంటే వాళ్ల ఫోన్‌లో డిజిలాకర్ తెరిచి క్రెడిట్లు పడినాయో లేదో చూడండి. పడకపోతే పాత మార్కుల మెమోలు, హాల్‌టికెట్ నంబరు పట్టుకుని కాలేజీ పరీక్షల విభాగంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. ఆధార్‌లో, మెమోలో పేరు ఒకే తీరుగా ఉందో లేదో ముందు చూసుకోండి. మన పేర్ల చివర నాయక్, బాయి ఒక కాగితంలో ఉండి ఇంకో కాగితంలో ఉండవు, అక్కడే ఖాతా ఆగిపోతాది.