మన పేరు మెషిన్‌లోకి ఎట్లా ఎక్కింది

పోస్టు పెద్దగానే ఉంటది, తీరికగా చదవండి.

బహదూర్‌పల్లిలో మేముండే హాస్టల్ మేడ ఎక్కితే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాలు తిరుగుతూ కనిపిస్తయి. కొద్ది దూరంలో వందెకరాలకు పైగా ఉన్న ఐటీ క్యాంపస్ ఉంది. ఒకప్పుడు అది సత్యం కంప్యూటర్స్‌ది, ఇప్పుడు టెక్ మహీంద్రాది. మా గదిలో గోండులున్నరు, లంబాడాలున్నరు, ఒక కొలాం తమ్ముడున్నడు. బయట మన సంఘాల మధ్య ఏం గొడవలున్నయో అందరికీ తెలుసు, ఆ సంగతి ఇక్కడ తీయట్లేదు. ఎందుకంటే ఈ పోస్టుకు కారణమైన కష్టం మా అందరిదీ.

మాలో ఒకతని స్కాలర్‌షిప్ ఆగిపోయింది. కుల సర్టిఫికెట్‌లో ఇంటి పేరు బానోతు, ఆధార్‌లో బానోత్. ఇంగ్లీషులో చివర 'యు' ఉంటే ఒక మనిషి, లేకపోతే ఇంకో మనిషి. ఫారం 'సరిపోలలేదు' అని వెనక్కి వచ్చింది. ఆ రాత్రి అందరం మా మా కాగితాలు తీసి మంచం మీద పరిచినం. మడావి, మడవి, మాడావి. గుగులోత్, గుగులోతు. ఒక్కడివి కూడా అన్ని కాగితాల్లో ఒక్కతీరుగ లేవు. ఈ తేడా ఎక్కడ మొదలైందని వెతుకుతూ పోతే అది మా తాతల కాలం దాకా పోయింది.

1940లో జోడేఘాట్‌లో భీం అమరుడైనడు. ఆయన పేరే చూడండి. బోర్డుల మీద కొమరం, కొమురం, కుమురం, కుమ్రం అన్నీ ఉంటయి. 2016లో ఆయన పేరు మీద జిల్లా ఏర్పడింది, అయినా రాత కుదురుకోలేదు. నిజాం కాలంలో సర్కారు పని ఉర్దూలో నడిచేది. ఉర్దూ రాతలో హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు. క, మ, ర, మ అని హల్లులు మాత్రమే ఉంటయి. తర్వాత దాన్ని తెలుగులోకి ఎక్కించినోళ్లు తమకు తోచిన అచ్చు పెట్టి ఉంటరని మా అనుమానం. లంబాడా పేర్ల సంగతి వేరు. గోర్ బోలిలో పేరు హల్లు మీద ఆగుతది. తెలుగు నోటికి చివర అచ్చు కావాలె. రాసేటాయన 'ఉ' తగిలిస్తడు, బానోత్ బానోతు అయితది. ఆయన తప్పు చేసిండని కూడా అనలేం, ఆయన చెవికి అట్లనే వినిపించింది.

1940లలో హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్యకు వచ్చిండు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. మనవాళ్లు మన భాషలో పాఠం చెప్పడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆ గోండి వాచకాలు మాత్రం దేవనాగరి లిపిలో అచ్చయినయి. అదే ఆదిలాబాద్ కొండల్లో, నార్నూర్ మండలం గుంజాలలో, గోండి సొంత లిపిలో రాసిన ప్రతులు ఇండ్లల్లోనే ఉన్నయి. నెలల పేర్లు, వారాల పేర్లు, అంకెలు, జాతక చక్రం అన్నీ అందులో ఉన్నయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. 2014లో ఆ లిపికి ఫాంట్ విడుదలైంది.

మా తాతలకు మెషిన్ అంటే మొదట రేడియో. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి కార్యక్రమం వస్తే ఊరంతా ఒక్క సెట్టు చుట్టూ కూసునేదని చెప్తరు. రేడియోకు స్పెల్లింగ్ అక్కర్లేదు. నోటి నుంచి చెవికి పోతది. అందుకే మనకు తొందరగా దగ్గరైంది. తర్వాత ఎస్టీడీ బూత్ వచ్చింది. 1984లో సీ-డాట్ పెట్టి పల్లెలకు సరిపోయే చిన్న ఎక్స్ఛేంజీలు తయారుచేసినంక ఫోన్ మండల కేంద్రం దాకా చేరింది. 2013 జూలైలో టెలిగ్రామ్ బందయింది, ఇంట్లో ఎవరూ బాధపడలేదు, టెలిగ్రామ్ అంటే చావు కబురే కదా. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినంక అన్నీ ఒక్కసారి మీద పడ్డయి. సంతకం పెట్టడం రాని అవ్వలు ఇప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతున్నరు, అది కూడా మన భాషలోనే.

ఇంత తొందరగా చేతికొచ్చిన మెషిన్ మన అక్షరానికి మాత్రం ఆలస్యం చేసింది. కంప్యూటర్లో ప్రతి అక్షరానికి ఒక నంబర్ ఉంటది, ఆ పట్టికే యూనికోడ్. తెలుగుకు 1991లో మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. సంతాలీల ఓల్ చికీకి 2008లో, మసారం గోండికి 2017లో, గుంజాల గోండికి 2018 జూన్‌లో. తెలుగుకూ గుంజాలకూ మధ్య 27 ఏండ్లు. నంబర్ వచ్చినంత మాత్రాన అయిపోలేదు. తెలుగు ఉన్నది మొదటి 65,536 స్థానాల లోపల, గుంజాల గోండి దాని బయట. పాత సాఫ్ట్‌వేర్ కొన్నింటికి ఆ బయటి నంబర్లు అర్థం కావు. ఫోన్‌లో ఫాంట్ లేకపోతే మన లిపి ఖాళీ డబ్బాల వరుసగా కనిపిస్తది.

మా పక్కనున్న క్యాంపస్ కథ కూడా ఇందులో కలుస్తది. సత్యం 1987లో హైదరాబాద్‌లో పుట్టింది. 2000 సంవత్సరం దగ్గరపడుతుంటే, సంవత్సరాన్ని రెండే అంకెల్లో దాచిన పాత ప్రోగ్రాములు ఆగిపోతయని లోకమంతా భయపడ్డది. ఆ వైటూకే సరిదిద్దే పనితో హైదరాబాద్ కంపెనీలు ఎదిగినయి, సత్యం కూడా. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ ఉత్తరం రాసిండు, అదే ఏడాది కంపెనీ మహీంద్రా చేతికి పోయింది, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. మాకు పట్టుకున్నది మాత్రం ఆ రెండు అంకెల సంగతే. రెండు అంకెల తేడా బ్యాంకులకు నష్టమంటే వేలమంది ఇంజనీర్లు కూసోని సరిచేసిండ్రు. ఒక్క 'యు' తేడాతో ఎంతమంది పిల్లల ఫీజు ఆగుతదో లెక్కపెట్టినవాళ్లు మాకు కనిపించలేదు. ఆధార్ మొదటి నంబర్ ఇచ్చింది కూడా 2010 సెప్టెంబర్ 29న నందుర్‌బార్ జిల్లా టెంభ్లీ అనే ఆదివాసీ ఊళ్లోనే. అంటే మనల్ని మొదట పిలిచిండ్రు. మన పేరు ఎట్లా పలుకుతరో మాత్రం ఎక్కువ అడగలేదు.

ఇప్పుడు ఏఐ. టెక్ మహీంద్రా 2024లో హిందీకి, దాని 37కు పైగా యాసలకు 'ఇండస్' అనే భాషా మోడల్ తెచ్చింది. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' అనువాద యాప్ మొదలుపెట్టింది. సంతాలీ, భీలీ, ముండారీతో పాటు గోండి కూడా ఉంది. తయారీలో మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పాలుపంచుకున్నది, సంతోషమే. అయితే అందులో గోండి ఛత్తీస్‌గఢ్‌ది. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు 29.8 లక్షల మంది, ఆరేడు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నరు. బస్తర్ మాటకు, ఉట్నూరు మాటకు తేడా ఉంటది. రేపు ఆస్పత్రిలో, తహసీల్ ఆఫీసులో ఈ యాప్ పెట్టి 'మీ భాషలోనే చెప్పండి' అంటే ఉట్నూరు అవ్వ మాట దానికి అర్థం కావాలె కదా. మాట కూడా పేరు తీరుగనే 'సరిపోలలేదు' అని వెనక్కి వస్తే?

ఇది కాని పని కాదు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వరలో మామూలు ఫోన్ నుంచి కాల్ చేసి గోండిలో కబురు చెప్పొచ్చు, ఇతరులు చెప్పింది వినొచ్చు. చదువు అవసరం లేదు. అట్లా జనం నోటి నుంచి పోగైన మాటే మెషిన్‌కు పాఠం అయితది. మా కొలాం తమ్ముడు అడిగిండు, "మరి మాది ఎవరు ఎక్కిస్తరన్నా?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. దసరా సెలవుల్లో మాత్రం ముగ్గురం ఊర్లకు పోయి మా అవ్వలతో విత్తనాల పేర్లు, రోగాల పేర్లు, వరసల పేర్లు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసినం. ఊరి పేరు, తేదీ, ఎవరి గొంతో రాసి పెట్టినం. అడగకుండా ఎవరికీ ఇయ్యమని అవ్వలకు మాట ఇచ్చినం.

ఇక స్కాలర్‌షిప్ సంగతి. అఫిడవిట్ రాయించి, రెండుసార్లు ఊరికి తిరిగి, ఆధార్‌లో ఉన్నట్టే సర్టిఫికెట్ మార్పించుకున్నడు. ఇప్పుడు మావాడు 'యు' లేని బానోత్. వాళ్ల తాత పట్టా పాసుబుక్‌లో మాత్రం ఇంకా బానోతు అనే ఉంది. ఆ రెండెకరాలు తన పేరు మీదికి ఎక్కించుకునే రోజు మళ్లీ ఈ కాగితాలన్నీ మంచం మీద పరవాల్సిందే.