బండి తూకం, విమానపు తూకం

దేవరకొండ చుట్టుపట్ల చెలకలనుంచి పంటను బండికెత్తి ఇల్లు చేర్చిన రైతుకు ఒక సూక్ష్మం ఎవరూ నేర్పవలసిన పని లేకపోయినది. రెండు చక్రాల బండిలో బరువంతా ఇరుసుకు వెనుక పడినచో కాడి ఎద్దుల మెడలపై నిలువదు. పైకి లేచి పలుపులు గొంతులకు బిగియును. బరువు మరీ ముందుకు వచ్చినచో మెడలు కుంగును. అందుచేత బరువును ఇరుసుకు కొంచెం ముందుగా నిలుపవలెను. గాలిలో ఎగిరే చిన్న విమానానికి కూడా ఇంచుమించు ఇదే ధర్మం. అయితే ఈ సంగతి గ్రహించుటకు మానవుడు ప్రాణాలనే వెలగా చెల్లించవలసి వచ్చినది.

విమానపు రెక్కలు ప్రక్కకు ఒరుగవచ్చును. ముక్కు కుడియెడమలకు తిరుగవచ్చును. అదే ముక్కు పైకి లేవవచ్చును, క్రిందికి వంగవచ్చును. ఈ మూడవ కదలికయే మిక్కిలి చిక్కైనది. గరిమనాభి తగినంత ముందుండి, తోక చాలినంత దూరాన ఉన్నచో, గాలి విసురుకు లేచిన ముక్కు తనంత తానే సర్దుకొనును. బాణానికి వెనుక ఈకలు కట్టుటలోని మర్మం ఇదే. గరిమనాభి వెనుకకు జరిగిన కొలది ముక్కు చపలమగును. ఇంకను జరిగినచో, కొద్దిగా లేచిన ముక్కు మరింత లేచునే గాని దిగదు.

ఔత్సాహికులు ఇంట కట్టుకొనే విమానం చిన్నది. తరచుగా తోక పొట్టిది. అందులో కూర్చున్న మనిషి బరువే మొత్తం బరువులో పెద్ద పాలు. నడిపే కర్రను బొటనవ్రేలెడు కదిపినా ముక్కు ఎగిరిపడును. దానిని దించబోయి వైమానికుడు కర్రను ముందుకు నెట్టును. ఆ నెట్టుడు ఫలించేలోపుననే మరికొంత నెట్టును. ముక్కు ఈసారి క్రిందికి దూకును. ఇట్లు మనిషి తన విమానాన్ని తానే ఊయలవలె ఊపి ప్రమాదం తెచ్చుకొనును.

తోక ప్రయోజనాన్ని స్పష్టంగా నిరూపించినవారిలో ఒకడు ఫ్రెంచి యువకుడు ఆల్ఫోన్స్ పెనో. రబ్బరు పురితో తిరిగే ఆయన బొమ్మ విమానం 1871లో పారిస్ తోటలో 11 సెకన్లు నిలకడగా ఎగిరినది. జర్మనీలో ఒట్టో లిలియంథాల్ 1891 మొదలు స్వయంగా కట్టిన గ్లైడర్లపై దాదాపు 2,000 సార్లు గాలిలో తేలినాడు. తన దేహాన్ని ముందు వెనుకలకు ఊపుటే ఆయనకు తూకం. 1896 ఆగస్టు 9న ముక్కు పైకి లేచి గ్లైడరు గాలి పట్టు కోల్పోయినది. దేహపు ఊపు చాలలేదు. మరునాడు ఆయన మరణించినాడు.

రైట్ సోదరులు ఈ దుర్మరణం నుంచి పాఠం తీసికొని, ముక్కును ఎత్తి దించే పలకను రెక్కలకు ముందు అమర్చినారు. 1903 డిసెంబరు 17న వారి విమానం మొదట 12 సెకన్లలో 120 అడుగులు సాగినది. కాని ఆ 12 సెకన్లలోనూ అది లేడిపిల్లవలె లేచుచు, పడుచు పోయినది. దానికి సహజమైన నిలకడ లేదు. నిలకడ అంతయు ఆ సోదరుల చేతులలో ఉన్నది. తరువాత వారు ముందుభాగాన ఇనుప బరువులు కట్టి చూచినారు. పలకను పెంచి మరింత ముందుకు జరిపినారు. 1910 నాటికి దానిని తోకకే తరలించినారు.

ఆ 1910లోనే ఈ సాహసం ఆంధ్ర జిల్లాలకు నాడు రాజధానియైన మద్రాసుకు చేరినది. అచట హోటలు నడిపే జాకోమో డి ఏంజెలిస్ స్వయంగా ఊహించిన విమానాన్ని, గుర్రపు బండ్లు కట్టుటలో పేరొందిన సింప్సన్ కంపెనీవారు నిర్మించినారు. బండ్లు కట్టిన చేతులే విమానాన్నీ కట్టినవన్నమాట!

కాని ఇంటింటా విమానం అన్న కలను జనంలోకి తెచ్చినవాడు ఫ్రాన్సు దేశపు రేడియో ఇంజనీరు హెన్రీ మిన్యే. 1933లో ఆయన ఎగిరించిన బుల్లి విమానానికి 'ఆకాశపు పేను' అని ముద్దుపేరు. ఒకదాని వెనుక ఒకటిగా రెండు రెక్కలు. కర్రను లాగినచో ముందరి రెక్కయే లేచును. 1934లో ఆయన వ్రాసిన పుస్తకం చూచి ఫ్రాన్సులో, ఇంగ్లండులో ఎందరో ఇండ్లలోనే కట్టుట సాగించినారు. కొందరు ఫోర్డ్ కారు ఇంజన్లను సవరించి బిగించినారు. 1935 ఆగస్టులో మిన్యే స్వయంగా ఇంగ్లీషు ఛానెలు దాటినాడు. అయితే ఇతరుల విమానాలు ఒకటొకటిగా ముక్కు క్రిందై నేలను తాకసాగినవి. 1936లో రెండు దేశాలలోను అసలు విమానాన్నే పెద్ద గాలి సొరంగాలలో నిలిపి పరీక్షించినారు. ముక్కు బాగా వంగిన స్థితిలో, కర్రను పూర్తిగా లాగినను అది మరల లేవదని తేలినది. రెండు రెక్కలు దగ్గరగా ఉండుటచేత ఒకదాని గాలి మరొకదానిని బాధించుచున్నది. ప్రభుత్వాలు ఆ నమూనాను నిషేధించినవి. మిన్యే దోషం దిద్ది, 1965లో మరణించేవరకు కొత్త నమూనాలు కట్టుచునే ఉన్నాడు.

ఈ కథలన్నింటిలో ఒకే సూత్రం కనిపించును. కట్టినవాని నేర్పు యంత్రపు దోషాన్ని కప్పివేయును. ఆ యంత్రం మరొకరి చేతికి పోయిననాడు దోషం బయటపడును. మూల్యం ఆ రెండవవాడు చెల్లించును. నిర్మాత తాను ఎగురగలడా అని గాక, తన నేర్పు లేనివాడు ఎగిరినను క్షేమంగా దిగగలడా అని ప్రశ్నించుకొనవలెను.

అమెరికాలో 1953లో ఔత్సాహిక నిర్మాతలు సంఘంగా ఏర్పడిన పిమ్మట ఈ ప్రశ్న ఆచారంగా స్థిరపడినది. విమానపు ఒక్కొక్క చక్రం క్రింద తూనిక పెట్టి గరిమనాభి ఎచట ఉన్నదో లెక్కగట్టుదురు. ముక్కు మరీ చపలమైనచో బరువును ముందుకు జరుపుదురు, తోకను పెంచుదురు, లేదా కర్ర కదలికకు స్ప్రింగు బిగువు కల్పించుదురు. సాధారణంగా 25 లేక 40 గంటలు పరీక్షగా ఎగిరించిన పిదపనే మరొక మనిషిని ఎక్కించుకొందురు.

దేవరకొండ దుర్గంపై గద్ద రెక్కలాడించకుండ తేలిపోవుట చూచినప్పుడు అది ఎంత సులభమో అనిపించును. తదేకంగా చూచినచో దాని తోక క్షణమైనను ఊరకుండదు. ఆ తోక చేసే పనిని నేర్చుకొనుటకే మనకు ఇంతకాలం పట్టినది.