బీనాయీ, రోజీ

మా ఉర్దూ మీడియం స్కూల్లో కంటిచూపును ‘బీనాయీ’ అనీ, బతుకుతెరువును ‘రోజీ’ అనీ నేర్పారు. డ్రైవర్ జిందగీలో మాత్రం ఈ రెండు మాటల్ని విడదీయలేం. బీనాయీ పోతే రోజీ కూడా పోయినట్టే.

రంగుల ఇమ్తెహాన్ రైళ్లతో మొదలైంది. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాయి. సిగ్నల్ రంగు పోల్చుకోలేకపోవడమే కారణమని హోల్మ్‌గ్రెన్ అనే ప్రొఫెసర్ వాదించాడు. రంగురంగుల ఉన్ని పోగులతో రైల్వే ఉద్యోగుల చూపు పరీక్షించే పద్ధతి తెచ్చాడు. మన హైదరాబాద్ సర్కారీ బస్సు కూడా రైల్వే ఒడిలోనే పుట్టింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే దాన్ని 27 బస్సులతో మొదలుపెట్టింది.

ఇప్పటి ఖానూన్‌కి ఆధారం 1988 మోటారు వాహనాల చట్టం. దాని కింద వచ్చిన ఫారం 1లో లైసెన్సు అడిగేవాడికి కొన్ని సవాళ్లున్నాయి. మూర్ఛ వస్తుందా? రేచీకటి ఉందా? 25 మీటర్ల నుంచి నంబర్ ప్లేటు కనిపిస్తుందా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా అని కూడా 2020 దాకా అడిగేవారు. లారీ, బస్సు నడిపేవాడు ఫారం 1-ఏ మీద డాక్టర్ సంతకం కూడా తేవాలి. ముసాఫిర్ల జాన్ అతని చేతిలో అమానత్ కాబట్టి ఈ ఇమ్తెహాన్ ఉండాల్సిందే. మరి ఫెయిలైనవాడు ఎక్కడికి పోవాలి?

చూపు తగ్గిందని రాజస్థాన్ ఆర్టీసీ కొందరు డ్రైవర్లను తీసేసింది. 1990 దశకం మొదట్లో సుప్రీంకోర్టు వాళ్ల మొర విన్నది. కళ్లు పాడైంది ఆ నౌకరీలోనే కాబట్టి వేరే పని చూపించాలనీ, లేకపోతే సర్వీసును బట్టి అదనపు పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. నౌకరీలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని 1995లో చట్టమే వచ్చింది. కానీ ఆ చట్టం జాబితాలో రంగులు పోల్చుకోలేకపోవడం లేదు.

ఆ సందులోనే మన ఆర్టీసీ డ్రైవర్ ఒకరు ఇరుక్కున్నారు. మెడికల్‌లో రంగుల దగ్గర ఫెయిలయ్యారని ఇంటికి పంపేశారు. అలాంటి డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇస్తామని 1979లోనే యాజమాన్యం కార్మికులతో ఒప్పందం చేసుకుంది. దాన్ని అమలు చేయించుకోడానికి ఆయన ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది. 2025లో సుప్రీంకోర్టు ఆయనకు ఇన్సాఫ్ చేసింది.

ఆర్టీసీ డ్రైవర్‌కి కనీసం ఆ కాగజ్ ఉంది. ఒక ఓనర్ దగ్గర లారీ నడిపే మనిషికి ఒప్పందమూ లేదు, వేరే కుర్చీ చూపించే కార్పొరేషనూ లేదు. రెన్యువల్ ఫారం మీద డాక్టర్ సంతకం పడని రోజే అతని రోజీ ఖతం.