పట్టుతెర బొమ్మ - తీర్పరుల ముంగిలి

పలనాటి కథ యావత్తూ ఒక తీర్పు చుట్టూ తిరిగినదనుట అతిశయోక్తి కాదు. గురజాల, మాచర్ల రాజ్యముల నడుమ కోడిపందెము జరిగినది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనన్నది పందెపు షరతు. ఆ గెలుపులో న్యాయమెంత, నాయకురాలి మాయ ఎంత అన్న వివాదము తీరలేదు. తీరని వివాదము కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున రణరంగమై పరిణమించినది. పందెములో ఓడుట కంటె, పందెము సరిగా జరుగలేదన్న అనుమానమే మనుష్యులను ఎక్కువగా బాధించునని ఆ వీరగాథ మనకు నేర్పుచున్నది.

కళాప్రదర్శనలలో కూడ తీర్పరులు ఉందురు. వందలకొలది చిత్రములు వచ్చును. కొన్నింటికే గోడమీద చోటు దొరకును. ఈ ఏరివేతలో తైలవర్ణ చిత్రానికి గాని, శిలావిగ్రహానికి గాని ఎదురుకాని ప్రశ్న ఒకటి పట్టుతెర అచ్చుబొమ్మకు చిరకాలము ఎదురైనది. 'ఇది అసలు బొమ్మేనా? దీని వంటివి ఇంకా ఇరవై ఉన్నప్పుడు దేనిని అసలనవలె?' ఈ ప్రశ్నకు సమాధానము ఏ విధముగా రూపొందినదో పరిశీలించుటే ఈ ప్రసంగములో మన పని.

ముందు పలనాటి రాతితోనే ఆరంభింతము. మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో, అనగా మన నాగార్జునకొండ లోయలో, శిల్పులు ఇచ్చటి సున్నపురాతి పలకలమీద బుద్ధుని జీవితమును చెక్కినారు. ఒక పలకను ఒక పర్యాయమే చెక్కుదురు. అది ఒక స్తూపానికే అమరును. నాగార్జునసాగరము నిండకముందు ఆ పలకలను వెలికితీసి కొండమీదికి చేర్చినారు గనుకనే వాటిని నేడు చూడగలుగుచున్నాము. ఒకటి పోయిన యెడల రెండవది లేదు. అసలు అన్న మాటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు.

అయితే అదే జాతి సున్నపురాయి పదునెనిమిదవ శతాబ్ది చివర బవేరియాలో మరొక పనికి వచ్చినది. సెనెఫెల్డర్ అను నాటక రచయిత తన రచనలను చౌకగా అచ్చువేసుకొనదలచి, నునుపైన సున్నపురాతిమీద జిడ్డుసిరాతో వ్రాసి, తడిపి, దానినుండి కాగితములపై ప్రతులు తీయు విధానము కనిపెట్టినాడు. నూనెకు నీటికి పొత్తు కుదరదన్న సామాన్య సత్యమే ఆ శిలాముద్రణకు ఆధారము. రాయి ఒకటే, బొమ్మలు మాత్రము వందలు. అసలు ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నకు అంకురార్పణ అక్కడ జరిగినది.

తీర్పరుల సంఘముల చరిత్ర కూడ ఆ తరువాతి శతాబ్దిలో విస్తరించినది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో వస్తువులను తరగతులుగా విభజించి, తరగతికొక సంఘమును నియమించి, ఆ సంఘముల నివేదికలను ప్రకటించినారు. నాలుగేండ్లకే, 1855లో, మదరాసులో దక్షిణదేశపు ముడిసరుకులు, కళలు, తయారీ వస్తువుల ప్రదర్శన జరిగినది. అక్కడ కూడ తీర్పరుల నివేదికలు పుస్తకరూపమున వెలువడినవి. 1850లో మదరాసు కళాశాలను నెలకొల్పిన డాక్టరు అలెగ్జాండర్ హంటర్ కాలమది. మన గుంటూరు సీమ అప్పుడు ఆ రాజధానిలోనిదే. ఇది కళ, ఇది తయారీ సరుకు అని తరగతులు గీచిన గీత అప్పటినుండి అచ్చుబొమ్మ నెత్తిన ఉన్నది.

రాజా రవివర్మ జీవితములో ఆ గీత స్పష్టముగా కనిపించును. 1873లో మదరాసు ప్రదర్శనలో ఆయన తైలవర్ణ చిత్రానికి గవర్నరు బంగారు పతకము లభించినది. 1894లో ఆయన బొంబాయిలో శిలాముద్రణాలయము స్థాపించినారు. అందులో అచ్చయిన లక్ష్మీ సరస్వతులు తెలుగువారి పూజామందిరములలోకి, పంచాంగముల పక్కకు వచ్చి చేరినారు. పతకము పొందినది చేతితో వ్రాసిన పటము; ప్రజలకు అందినది అచ్చు పటము. ఒకటి గౌరవానికి, మరొకటి వాడుకకు అన్న భావము ఆ విధముగా మన ఇండ్లలోనే స్థిరపడినది.

తెలుగు యువకులు దూరదేశపు ప్రదర్శనలకు చిత్రములు పంపి గుర్తింపు పొందుటకు రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు గారు దారి చూపినారు. ఇరవై ఎనిమిదేండ్లు నిండకముందే, 1925లో, ఆయన గతించినను, చిన్న పట్టణమునుండి వచ్చిన చిత్రము కలకత్తాలో నిలువగలదని నిరూపించి పోయినారు. ఆ నిరూపణ వర్ణచిత్రానికి మాత్రమే. అచ్చుబొమ్మ ఇంకను గుమ్మము బయటనే ఉన్నది.

ఇక పట్టుతెర సంగతి. కత్తిరించిన కాగితపు అచ్చును వస్త్రముమీద పరచి రంగు పూయుట జపానులో పూర్వకాలపు విద్య. సన్నని అచ్చు విడిపోకుండ పట్టుదారములతో పట్టి ఉంచెడివారు. 1907లో మాంచెస్టరు నివాసి శామ్యూల్ సైమన్ చట్రమునకు బిగించిన పట్టుతెరనే ఉపయోగించు పద్ధతికి హక్కుపత్రము పొందినాడు. ఆపై ముప్పది ఏండ్లు అది అంగళ్ల బోర్డులకు, ప్రకటనలకు పనిముట్టుగానే ఉన్నది. 1938లో న్యూయార్కులో, ప్రభుత్వము కళాకారులకు పని కల్పించు పథకము కింద, ఆంథొనీ వెలోనిస్ నాయకత్వమున ఒక బృందము ఈ పద్ధతిని చిత్రకళకు మళ్లించినది. అంగడి పనినుండి వేరుచేయుటకై దానికి 'సెరిగ్రఫీ' అని కొత్త పేరు పెట్టినారు. పట్టుతో గీయుట అని దాని భావము. పేరు మారినగాని పెద్దల సభలో పీట దొరకలేదన్నమాట! 1962లో ఆండీ వార్హోల్ అదే అంగడి పద్ధతితో సినిమాతార ముఖమును మరల మరల అచ్చువేసి, పునరుక్తినే కళగా నిలబెట్టినాడు.

ఈ లోపల 1960లో వియన్నా నగరములో కూడిన అంతర్జాతీయ కళాకారుల మహాసభ అసలు అచ్చుబొమ్మకు లక్షణము నిర్ణయించినది. ప్రతులెన్నో నిర్ణయించు హక్కు కళాకారునిదే. ప్రతి బొమ్మపైన అతని సంతకము, మొత్తము సంఖ్య, అందులో ఆ ప్రతి వరుస సంఖ్య ఉండవలెను. బొమ్మ అడుగున పెన్సిలుతో 7/25 అని వ్రాసిన యెడల, ఇరువదియైదింటిలో ఇది ఏడవదని అర్థము. అన్నియు తీసిన పిమ్మట అచ్చును చెరిపివేయవలెను. ఆ మాట తప్పినవాడు కొన్నవారినీ తీర్పరులనూ కూడ మోసగించినవాడగును. కనుక ఆ చిన్న అంకె ఒక ప్రమాణము వంటిది.

మన దేశమున 1954లో లలితకళా అకాడమీ ఏర్పడినది. 1955లో మొదటి జాతీయ ప్రదర్శన జరిగినది. బరోడాకు చెందిన జ్యోతి భట్ 1964-66 నడుమ న్యూయార్కులోని ప్రాట్ సంస్థలో ముద్రణకళ అభ్యసించి వచ్చినారు. 1968లో ఢిల్లీలో అచ్చుబొమ్మల కళాకారులు 'గ్రూప్ 8' పేర సంఘటితులైనారు. 1989లో భోపాలు భారత్ భవన్ అచ్చుబొమ్మలకే ప్రత్యేకముగా అంతర్జాతీయ ప్రదర్శన ఆరంభించినది. ఈ చరిత్రలో తెలుగువారిది చిన్న పాత్ర కాదు. చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించిన కృష్ణారెడ్డి పారిస్‌లో, సిరాల చిక్కదనములో గల భేదమును ఆధారము చేసికొని ఒకే లోహపు పలకనుండి పలు వర్ణములు తీయు పద్ధతిని రూపొందించినవారిలో ముఖ్యులు. మెదకు సీమ నిజాంపూరువారైన లక్ష్మాగౌడ్ గ్రామజీవనమును లోహపు పలకలపై గీచి దేశఖ్యాతి పొందినారు. వీరిరువురు ప్రసిద్ధులైనది లోహముతో గాని పట్టుతెరతో కాదు. అయినను అచ్చుబొమ్మకు వీరు తెచ్చిన గౌరవములో పట్టుతెరకు కూడ భాగమున్నది.

ఇచ్చట ఒక చిక్కును గమనింపవలెను. పేరొందిన చిత్రకారుల వర్ణచిత్రములను నిపుణులైన పనివారు పట్టుతెరపై అచ్చువేయగా, చిత్రకారులు సంతకము చేయుట నేడు కలదు. తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీమూర్తులు ఈ మార్గమున కూడ ఇండ్లకు చేరినవి. అందులో దోషము లేదు. ప్రజలకు కళ చేరువగుచున్నది. కాని తీర్పరులు అడుగునది వేరు. ఈ బొమ్మ ముందే ఉన్న చిత్రానికి నకలా? లేక తెరమీదనే పుట్టినదా? తెరమీద పుట్టిన బొమ్మలో రంగొకటి రంగుమీద పడినచోట మూడవ రంగు పుట్టును. సిరా పొర కాగితముమీద కొద్దిగా ఉబ్బి నిలుచును. అంచులు కత్తితో కోసినట్లుండును. ఆ గుణములను కోరి వాడుకొన్నవాడే ఆ విద్యలో కళాకారుడు.

ఇప్పుడు మరల పలనాటికి వత్తము. 2022లో నరసరావుపేట ముఖ్యపట్టణముగా పలనాడు ప్రత్యేక జిల్లా అయినది. మన పట్టణములలో పెండ్లి శుభలేఖలు, సంచులు, జెండాలు అచ్చువేయు పనివారికి ఈ తెర కొత్తది కాదు. చట్రము బిగించుట, వెలుతురుకు గట్టిపడు మందు పూయుట, రంగుకొక తెర చేయుట, రెండవ రంగు మొదటి రంగు అంచు తప్పకుండ కూర్చుట, రబ్బరు పలకను ఒకే ఒత్తిడితో లాగుట వారికి చేతివాటపు పనులు. యంత్రముపై అచ్చగు పెద్ద ప్లాస్టిక్ బోర్డులు వచ్చిన తరువాత చేతి అచ్చుకు గిరాకీ తగ్గినది. ఒక తరముతో ఆ చేయి విశ్రమించిన యెడల దానిని పుస్తకములలో వెదకి తెచ్చుకొనలేము. మన పిల్లలలో బొమ్మ వేయగలవాడు ఆ పనివాని పక్కన ఒక ఏడాది నిలబడినచో కళాశాలలో దొరకని విద్య కొంత దొరకును.

ప్రదర్శనకు పంపుటలో కష్టములు లేకపోలేదు. నేడు చాలచోట్ల తొలి ఏరివేత ఛాయాచిత్రములను చూచి జరుగుచున్నది. పై చెప్పిన సిరా పొర, కాగితపు గుణము ఛాయాచిత్రములో కానరావు. కనుక పగటి వెలుతురులో, ఏటవాలుగా వెలుగు పడునట్లు, కాగితపు అంచులు కనబడునట్లు తీయించుట మేలు. కొలతలు, ప్రతి సంఖ్య, అచ్చువేసిన సంవత్సరము తప్పులేకుండ వ్రాయవలెను. తెర పని మరొకరి చేతిమీదుగా జరిగిన యెడల వారి పేరు చెప్పుట న్యాయము. ఎంపికైన పిమ్మట చట్రము, పెట్టె, రవాణా ఖర్చులు కళాకారునిపై పడుట కూడ కద్దు. నగరవాసికి అది చిన్న భారము; మాచర్ల యువకునికి అది ఒక నెల జీతము కావచ్చును. అచ్చుబొమ్మకు మాత్రము ఒక వెసులుబాటున్నది. ఒక ప్రతి దారిలో చెడినను మరొకటి ఇంట ఉండును. నాగార్జునకొండ శిల్పికి లేని ధైర్యమది.

తీర్పరులకు కూడ ధర్మమున్నది. నియమములు ముందుగా ప్రకటింపవలె. పేరు చూడక పని చూడవలె. తిరస్కరించిన చిత్రమును చెక్కుచెదరకుండ తిరిగి పంపవలె. ఇంతమాత్రము జరిగినచో ఎంపిక కానివాడు మరుసటి ఏడు మరల పంపును. జరగనిచో పంపుట మానివేయును. పందెములో ఓడినవారు తిరిగి రావలెనన్నచో, పందెము న్యాయముగా జరిగినదన్న నమ్మకము వారికి కలుగవలెను. ఆ నమ్మకము విలువ ఎంతటిదో కారెంపూడి చూచిన పలనాటివారికి వేరుగా చెప్పనక్కరలేదు.