మొక్కజొన్న విత్తనము

వానకాలపు సాయంకాలములందు ఓరుగల్లు వీథులలో నిప్పులపై కాల్చిన మక్కకంకిని రుచిచూడని బాలుడుండడు. అది తాతముత్తాతల నాటి తిండి యనియే పలువురి తలంపు. చరిత్ర వేరొకటి చెప్పుచున్నది. కాకతీయ రాజ్యము 1323లో అస్తమించెను. కొలంబసు అమెరికా దీవులను చేరినది 1492లో. మొక్కజొన్నకు పుట్టినిల్లు మెక్సికో దేశము. కావున రామప్ప, పాకాల చెరువులను కట్టించినవారు ఈ గింజ నెరుగరు. క్రొత్తగా వచ్చిన యతిథిని మనవారు తెలిసిన జొన్న పేరుతోనే పిలిచి యింటివానిగా జేసికొనిరి.

పూర్వపు రైతు మేలైన కంకుల నేరి దాచి, మరుసటి యేట విత్తుచుండెను. ఆ యేరికలో ఇల్లాలి చూపునకును పాలు గలదు. కాని ఈ పద్ధతికొక మేర యున్నది. మొక్కజొన్నకు మగపూత శిరస్సునను, కంకి నడుమను నుండును. పుప్పొడి గాలిలో నెగిరి పొరుగు మొక్కల పీచుపై వ్రాలును. కంకి నేరువాడు తల్లిని మాత్రమే యెరుగును, తండ్రి నెరుగడు.

ఈ చిక్కును విడదీసినవారిలో అమెరికా పండితుడగు జార్జి షల్ ముఖ్యుడు. ఒక మొక్కకు దాని పుప్పొడినే తరతరములుగా చేర్చగా సంతతి క్షీణించెననియు, అట్లు క్షీణించిన రెండు వంశములను కలుపగా పుట్టినవి మిక్కిలి బలముతో పెరిగెననియు ఆయన 1908 మొదలుకొని ప్రకటించెను. బలహీనమగు తల్లిమొక్కలకు గింజలు కొలదిగా వచ్చుటచే విత్తనము ప్రియమయ్యెను. పదేండ్లలోపలనే డొనాల్డు జోన్సు నాలుగు వంశములను రెండు విడతల కలుపుట నేర్పి ఆ కొరతను తీర్చెను.

మన దేశమున రాక్‌ఫెల్లర్ సంస్థ తోడ్పాటుతో అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పథకము 1957లో ఆరంభమయ్యెను. హైదరాబాదులోని అంబరుపేట క్షేత్రము దానిలో భాగస్వామి. 1961లో వెలువడిన తొలి సంకర రకములలో ‘దక్కన్’ యొకటి. దిగుబడి పెరిగెను, కాని సంకరపు గింజను మరల విత్తినచో ఆ బలము సన్నగిల్లును. రైతు ఏటేట విత్తనము కొనక తప్పదు. ఈ యిబ్బంది నెరిగియే శాస్త్రజ్ఞులు 1967లో విజయ్, కిసాన్, అంబర్ మొదలగు మిశ్రమ రకముల నిచ్చిరి. వాని గింజను కొన్నియేండ్లు దాచి విత్తుకొనవచ్చును. అయినను అధిక దిగుబడి గల సంకరములే నేడు ఓరుగల్లు పొలములందు వ్యాపించినవి. పంటలో పెద్దపాలు కోళ్ల మేతకు పోవుచున్నది.

మేమొక రైతును, “పోయినేటి గింజలు విత్తరాదా?” యని యడిగితిమి. “పంట రాదంట పంతులుగారూ, దుకాణపాయన చెప్పిండు,” అనెను. చెప్పినమాట నిజమే. కాని కారణము తెలియక నమ్ముటయు, కారణ మెరిగి నడచుటయు నొకటి కాదు. ఎరిగినవాడు ఏది కొనవలెనో, ఏది దాచవలెనో తానే నిర్ణయించుకొనగలడు. ఎరుగనివానికి దుకాణమే శాస్త్రము, దుకాణమే ప్రమాణము.

మేము శాస్త్రమును దూషింపము. అది పొలము గట్టుననే యాగక యింటిలోనికి రావలెనందుము. ప్రతి పల్లెబడి పెరటిలోను నాలుగు మొక్కలు నాటి, పీచు వెలికిరాకమునుపే యొక కంకికి కాగితపు సంచి తొడిగి చూపుడు. పుప్పొడి సోకని యా కంకికి గింజ పట్టదు. కంకి తిను బాలునికి దాని తల్లిదండ్రుల కథ నాడే తెలియును.