ప్రసవ సమయంలో శిశువు మెదడుకు ముప్పు తెచ్చే అంశాలు

నెలలు నిండి పుట్టిన బిడ్డ సరిగా ఏడవకుండా, పాలు చీకకుండా, ఒళ్లు వేలాడేసి, మొదటి రోజుల్లోనే ఫిట్స్‌కు గురయ్యే స్థితిని వైద్యులు నవజాత ఎన్‌సెఫలోపతి అంటారు. మెదడుకు రక్తం, ఆక్సిజన్ అందక ఇది వస్తే ఆస్పత్రుల్లో హెచ్‌ఐఈ అని రాస్తారు.

కష్టకాన్పుకూ పిల్లల కాళ్లూచేతుల బిగుతుకూ (ఇప్పుడు సెరిబ్రల్ పాల్సీ అంటున్న స్థితికి) ముడి ఉందని 1862లో లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ రాశాడు. లోపం గర్భంలోనే ఏర్పడి ఉండవచ్చని, కష్టకాన్పు దాని ఫలితమే కావచ్చని 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వాదించాడు. 1998లో వెలువడిన పశ్చిమ ఆస్ట్రేలియా అధ్యయనం ఫ్రాయిడ్ వైపే మొగ్గింది. ఎన్‌సెఫలోపతి వచ్చిన బిడ్డల్లో 69 శాతం మందికి కాన్పుకు ముందటి ముప్పులే కనిపించాయి. 25 శాతం మందిలో ముందటివీ కాన్పు నాటివీ కలిసి ఉన్నాయి. కేవలం కాన్పు నాటివే ఉన్నది 4 శాతం మందికి. అవి మంచి వైద్యం అందుబాటులో ఉన్న దేశపు లెక్కలు. చూసే మనిషి లేని ప్రసవ గదికి వాటిని యథాతథంగా వర్తింపజేయలేం.

నొప్పి వచ్చినప్పుడల్లా గర్భసంచి బిగుసుకుని మాయకు చేరే తల్లి రక్తం బాగా తగ్గిపోతుంది. నొప్పి సడలగానే మళ్లీ పారుతుంది. ఆ విరామంలోనే బిడ్డ కోలుకుంటుంది. కడుపులో సరిగా ఎదగని బిడ్డ, తల్లికి బీపీ ఉన్న బిడ్డ అంత తేలిగ్గా కోలుకోలేరు. పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు వస్తే గట్టి బిడ్డకూ ఆ విరామం చాలదు. నొప్పులు పెంచే మందు ఆక్సిటోసిన్‌ను సెలైన్‌లో కలిపి, చుక్కలు లెక్కపెట్టి ఎక్కించేది ఇందుకే. నొప్పులు మితిమీరితే వెంటనే ఆపేయవచ్చు. త్వరగా కాన్పు కావాలని కండకు వేసే నొప్పుల సూదిని మాత్రం వెనక్కి తీయలేం. అది ప్రమాదం, ఎవరూ వేయకూడదు. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆపడానికి తల్లికి ఇచ్చే అదే మందు ప్రాణరక్షకం.

హఠాత్తుగా వచ్చే ఆపదలు వేరు. మాయ ముందే విడిపోవడం, బొడ్డుతాడు బిడ్డకంటే ముందు జారడం, భుజాలు ఇరుక్కోవడం, గర్భసంచి చిట్లడం ఇలాంటివి. పాత సిజేరియన్ కుట్టు మీద నొప్పులు పడితే, సుమారు 200 మందిలో ఒకరికి గర్భసంచి చిట్లే అవకాశం ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే కాబట్టి, మనకిది చిన్న విషయం కాదు. నొప్పుల్లో తల్లికి జ్వరం, బిడ్డ ముఖం పైకి ఉండి తల తిరగకపోవడం, అత్యవసర సిజేరియన్, పరికరాలతో కాన్పు కూడా ముప్పుతో ముడిపడి కనిపిస్తాయి. అయితే చివరి రెండూ చాలాసార్లు బిడ్డ అప్పటికే అలసిందనడానికి గుర్తులు, కారణాలు కావు.

పేగు (బొడ్డుతాడు) మెడకు చుట్టుకుందని ఇళ్లలో భయపడతారు. అది చాలా కాన్పుల్లో కనిపించేదే, ఎక్కువగా హాని చేయదు. ఉమ్మనీటిలో మలం కలిస్తే మాత్రం బిడ్డ గుండె చప్పుడును మరింత జాగ్రత్తగా గమనించాలి.

మామూలుగా ఆ చప్పుడు నిమిషానికి 110 నుంచి 160. నొప్పులు ముదిరాక 15 నుంచి 30 నిమిషాలకోసారి, తల్లి ముక్కుతున్న దశలో 5 నిమిషాలకోసారి వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నొప్పి తగ్గాక కూడా చెవి తీయకూడదు, ఎందుకంటే చప్పుడు అప్పటికీ మందగించి ఉండటమే హెచ్చరిక. నిరంతరం నమోదు చేసే సీటీజీ యంత్రం నవజాత ఫిట్స్‌ను తగ్గించిందే గానీ సెరిబ్రల్ పాల్సీని తగ్గించలేదు. సిజేరియన్లనూ పెంచింది.

ఆక్సిజన్ అందక దెబ్బతిన్న మెదడు కణాలు కొన్ని గంటలపాటు కాస్త నిలదొక్కుకుని, ఆ తర్వాత రెండోసారి కూలిపోతాయి. ఆ వ్యవధిలోనే, అంటే పుట్టిన 6 గంటల్లోపు, బిడ్డ ఒంటిని 33-34 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచి 72 గంటలు ఉంచే చికిత్స సంపన్న దేశాల్లో ప్రాణాలు కాపాడింది, వైకల్యం తగ్గించింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో 408 మంది శిశువులపై జరిపిన హీలిక్స్ పరీక్షలో ఆ ఫలితం రాలేదు. 2021లో వెలువడిన నివేదిక ప్రకారం, చల్లబరిచిన బిడ్డల్లోనే మరణాలు ఎక్కువ.