మంచు మీద ఒంగోలు గిత్త

కారు దిగేటప్పటికి బయట 36 డిగ్రీలు. సెప్టెంబరు సాయంత్రం, పొద్దు వాలినా పార్కింగు తారు ఇంకా సెగలు కక్కుతోంది. జమ్మలమడుగువాడికి అదొక ఎండా అనుకోండి. తలుపు తోసి లోపలికి అడుగు పెట్టగానే చెమట పట్టిన చొక్కా చల్లగా వీపుకు అతుక్కుంది. రెండో తలుపు దాటేసరికి ముక్కుపుటాలు జిల్లుమన్నాయి. చిన్నప్పుడు మా ఊళ్లో సోడా అంగడి ముందు దించిన ఐసు దిమ్మె మీద రంపపు పొట్టు తుడిచి, దానికి చెంప ఆనిస్తే వచ్చే వాసన. ఐసుకు వాసనేంటని అడక్కండి. ఉంటుంది.

"స్వెట్టరు ఏసుకో నాయనా. నీకు జలుబు జేస్తే అమ్మ నన్ను తిడ్తాది" అన్నాడు మావాడు. మనవడు అప్పటికే మెట్లెక్కి పైకి ఉరికినాడు.

టెక్సాస్‌లో ఫోర్ట్‌వర్త్ పక్కనే నార్త్ రిచ్‌లాండ్ హిల్స్ అనే ఊరు. ఈ హాలు పేరు నైటెక్స్ స్పోర్ట్స్ సెంటర్. రెండు వేల పైచిలుకు మంది పడతారు. ఎదురుగా మంచు పరిచిన బరి, 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. మూలలు గుండ్రంగా తిప్పి, చుట్టూ నడుమెత్తు గోడ కట్టి, దాని మీద మందపాటి అద్దం నిలబెట్టారు. అద్దానికి అరచెయ్యి ఆనించి కిందికి చూశాను. పాలిష్ పట్టిన కడప బండ మీద నీళ్లు చల్లితే ఎట్లుంటుందో అట్లుంది, రంగొక్కటే తెలుపు. మందం అంగుళానికి కొంచెం ఎక్కువ, అంతే. దాని కింద సిమెంటు, సిమెంటు లోపల వరసగా గొట్టాలు, గొట్టాల్లో సున్నా కంటే చల్లగా ఉండి కూడా గడ్డకట్టని ద్రవం తిరుగుతూ ఉంటుంది. కరెంటు పోయి గొట్టాలు ఆగితే ఇదంతా మళ్లీ మామూలు నీళ్లే.

హారన్ మోగింది. కుర్రాళ్లు ఒక్కొక్కరే మంచు మీదికి దూకారు. మొదటివాడు నా ముందు నుంచి ఒరుసుకుంటూ పోతుంటే కాళ్ల కింద బ్లేడు కరకరమంది, కొడవలికి సాన పడుతున్నట్టు. వాడి రొమ్ము మీద కొమ్ముల ఎద్దు బొమ్మ, దాని కింద ఒక పేరు.

"బ్రహ్మాసా? బ్రహ్మ అంటే మన బ్రహ్మేనా?" అన్నాను.

"ఎద్దు నాయనా, బ్రహ్మ ఎద్దు. ఈడ రోడియోల్లో మనుషుల్ని ఎత్తి పారేస్తాదే, అది."

అది నాకు తెలుసు. పోయిన జనవరిలో మావాడు ఫోర్ట్‌వర్త్ పశువుల ప్రదర్శనకు తీసుకుపోయినాడు. కంచె అవతల నిలబడి ఉన్నదాన్ని చూసి కాసేపు నోట మాట రాలేదు. ఎత్తైన మూపురం, మోకాళ్ల దాకా వేలాడే గంగడోలు, బూడిద కలిసిన తెలుపు. చెవులు మాత్రం మనవాటికంటే పొడుగు, కిందికి వాలి ఉన్నాయి. అది గిర్ పోలిక. మెడా మూపురమూ చూస్తే మాత్రం మన ఒంగోలు గిత్త. ఊహించి అంటున్నది కాదు. టెక్సాస్‌లో ఎండకీ పిడుదులకీ తెల్లోళ్ల ఆవులు తట్టుకోలేక చస్తుంటే, 19వ శతాబ్దం నుంచి మన దేశపు పశువుల్ని ఓడల మీద తెప్పించుకున్నారు. 1906లో ఒక మంద వచ్చింది, తర్వాత బ్రెజిల్ మీదుగా ఇంకొన్ని. గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ, నెల్లూరు జాతులు కలిసి ఈ జాతి తయారైంది. వాళ్ల పుస్తకాల్లో నెల్లూరు అని ఉన్నది మన ఒంగోలే, ఒకప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1924లో పెంపకందార్లంతా ఒక సంఘం పెట్టుకుని దీనికి 'బ్రాహ్మన్' అని పేరు పెట్టారు. ఎద్దుకు బ్రాహ్మణుడి పేరు పెట్టిన దేశంలో మా వాళ్లు శాకాహారం హోటలు వెతుక్కుంటూ తిరగడం వేరే కథ.

పక్క సీట్లో కూర్చున్న ముసలాయన నా వేలు ఆ ఎద్దు వైపు చూపడం గమనించినట్టున్నాడు. ఆయన తొడుక్కున్న జెర్సీ మీదా ఎద్దే. కాకపోతే ఉతికి ఉతికి అంచులు పోగులు లేచి, కుర్రాళ్ల జెర్సీల కంటే ఓ పదిహేనేళ్లు పెద్దదిగా ఉంది. తన రొమ్ము మీద తట్టుకుంటూ, "ఇది అసలు జట్టు. వీళ్లు పిల్లలు" అన్నాడు.

ఈలోపు రిఫరీ నల్ల రబ్బరు బిళ్ల వదిలాడు. పక్ అంటారు. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, చేతిలో పెడితే బెల్లం అచ్చంత. ఎగరకుండా ఉండాలని ఆటకు ముందు ఫ్రిజ్జులో గడ్డకట్టిస్తారట. మొదటి రెండు నిమిషాలూ అదెక్కడుందో నాకు కనపడలేదు. కర్రలు పోయే దిక్కు చూస్తూ కూర్చున్నాను. ఇంతలో ఇద్దరు సరిగ్గా మా ముందున్న అద్దానికి వచ్చి గుద్దుకున్నారు. హాలంతా దద్దరిల్లింది. సరుకు దించేటప్పుడు లారీ వెనక తలుపు ఊడి పడితే అంత చప్పుడు వస్తుంది. చేతిలో కాఫీ నా ప్యాంటు మీద. మనవడు కేరింతలు. గుద్దినవాడు, గుద్దించుకున్నవాడు ఏమీ జరగనట్టు లేచిపోయారు. ముప్పావు నిమిషానికోసారి ఐదుగురూ బెంచీకి వచ్చేస్తారు, ఇంకో ఐదుగురు గోడ మీంచి దూకుతారు. ఆట మాత్రం ఆగదు. అంతకంటే ఎక్కువసేపు ఆ వేగంతో ఉరకడం మనిషి వల్ల కాదు. గోల్ దగ్గర నిలబడ్డ ఆరోవాడు ఒక్కడే పరుపులు కట్టుకున్నట్టు కదలకుండా ఉంటాడు.

అసలు జట్టు అంటే ఏమిటని మావాడి చేత అడిగించాను. మొదటి విరామంలో ముసలాయన చెప్పుకొచ్చాడు, మావాడు తెలుగులో అందించాడు.

"అన్నిటికంటే పైన డబ్బున్న పెద్ద లీగు నాయనా, డాలస్ స్టార్స్ జట్టు ఆడేది. దాని కింద ఒకటి, దాని కింద ఇంకోటి..." అని మొదలుపెట్టాడు మావాడు. నేను చెయ్యెత్తాను. జమ్మలమడుగువాడికి ఆ లెక్క ఒకరు చెప్పాలా? మా గిత్తల బండలాగుడు పందేల్లో ఉన్నదదే కదా. పాలపళ్ల జత, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన న్యూ కేటగిరీ, చివర సీనియర్స్. తిరునాళ్లకు జనం దిగేది సీనియర్స్ కోసమే, కానీ ఆరుపళ్ల జత కట్టినవాడి ఇంట్లో కూడా అప్పు పుట్టే ఉంటుంది. ముసలాయన చెప్పే జట్టు ఈ ఆరుపళ్ల విభాగం. జీతానికి ఆడేవాళ్లే, కానీ వారానికి కొన్ని వందల డాలర్లు. ఒక్కటే తేడా. మా దగ్గర పళ్లు వచ్చేకొద్దీ విభాగం పెరుగుతుంది, ఈ ఆటలో పళ్లు ఊడేకొద్దీ అనుభవం కింద లెక్క.

1996లో వెస్ట్రన్ ప్రొఫెషనల్ హాకీ లీగ్ అని ఒకటి ఆరు జట్లతో పుట్టింది. ఎండలు మండే ఊళ్లలో మంచు ఆట పెట్టి టికెట్లు అమ్మడం దాని ఆలోచన. వేకో, అమరిల్లో, ఎల్ పాసో, తర్వాత ఒడెస్సా, అబిలీన్, శాన్ ఏంజెలో. అన్నీ పత్తి, ఆవులు, పెట్రోలు ఊళ్లు. లబ్బాక్ జట్టు పేరు కాటన్ కింగ్స్, పత్తి రాజులు! ప్రొద్దుటూరు పత్తి వ్యాపారులెవరైనా అక్కడుంటే ఉచితంగా టికెట్టు ఇచ్చేవాళ్లేమో. 1997లో ఆ లీగులోకి ఫోర్ట్‌వర్త్ బ్రహ్మాస్ వచ్చింది. ఊరు నడిబొడ్డున కన్వెన్షన్ సెంటర్‌లో ఆట. కెనడా నుంచి వచ్చిన కుర్రాళ్లు రాత్రి ఆట ముగించి బస్సెక్కితే తెల్లవారేసరికి ఇంకో ఊళ్లో దిగేవాళ్లు. 2001లో ఆ లీగు సెంట్రల్ హాకీ లీగులో కలిసిపోయింది. 2006లో బ్రహ్మాస్ ఆట ఆపింది. ఒక ఏడాది జట్టే లేదు.

"ఆ ఏడు శనివారాలు ఏం చేశారు?" అని అడిగించాను.

"మా ఆవిడ పెరట్లో కంచె వేయించింది నాతో" అన్నాడు ముసలాయన.

2007లో టెక్సాస్ బ్రహ్మాస్ అని పేరు మార్చుకుని ఈ హాలుకే వచ్చింది. డాన్ వైల్డ్‌ఫాంగ్ అనే కెనడా ఆయన కోచ్. రెండో సీజన్లోనే, 2009లో, కప్పు కొట్టారు. ఫైనల్ కొలరాడో ఈగిల్స్‌తో. ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలవాలి, చెరి మూడు అయి ఏడోదాకా పోయింది. ముసలాయన దాన్ని చెప్పేటప్పుడు మావాడు తెలుగు చేయడం మానేసి వింటూ కూర్చున్నాడు. నాకు అర్థమైంది ఆయన చేతులే. కుడిచెయ్యి కర్ర, ఎడమచెయ్యి గోల్‌కీపర్.

కప్పు కొట్టిన నాలుగేళ్లకు, 2013లో, జట్టు మూతపడింది. దానికి ఏడాది ముందే ఫోర్ట్‌వర్త్ పేరు మళ్లీ తగిలించుకున్నారు, కలిసి రాలేదు. అదే 2013లో ఆ లీగు కప్పు కొట్టింది పొరుగు ఊరు అలెన్ జట్టు. వాళ్లకు 2009లో నగరపాలక సంస్థ కట్టిన హాలు ఉంది, ఆరు వేల సీట్లు. ఈ హాలు మొత్తం నిండినా దాంట్లో సగం నిండదు. ఆటగాళ్ల జీతం, వాళ్ల అద్దె, బస్సు, మంచుకు కరెంటు ఎవరికైనా ఒకటే. నా లెక్క తప్పు కావచ్చు గానీ, ఎద్దును పడగొట్టింది ఈగిల్సూ కాదు, అలెనూ కాదు, ఈ రెండు వేల సీట్లు. మరుసటి ఏడు లీగే పోయింది. అక్టోబరు 2014లో మిగిలిన ఏడు జట్లూ ఈసీహెచ్ఎల్ అనే ఇంకో లీగులో చేరిపోయాయి. అలెన్ అక్కడ కూడా 2015, 2016 కప్పులు కొట్టింది.

"మరి ఈ పిల్లలెవరు?"

2014 నుంచి ఈ హాల్లో లోన్ స్టార్ బ్రహ్మాస్ ఆడుతోంది. జూనియర్ లీగు, ఇరవై ఏళ్ల వరకు వయసున్న కుర్రాళ్లు. జీతం లేదు, కాలేజీ జట్టులో సీటు దొరుకుతుందని ఆశ. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లో ఉండి, వాళ్లు పెట్టింది తిని ఆడతారు. మా తాతల కాలంలో వారాలు చేసుకుని చదువుకున్నట్టు. ముసలాయన ఇంట్లో కూడా ఇద్దరున్నారట ఒక ఏడు. ఇద్దరూ కలిసి వారానికి డజన్ల కొద్దీ గుడ్లు తినేవారని చెప్తూ నవ్వాడు. కోచ్ ఆ వైల్డ్‌ఫాంగే. 2017లో వీళ్లూ తమ లీగు రాబర్ట్‌సన్ కప్పు తెచ్చారు. అంటే జీతాల జట్టు పోయింది, ఎద్దు మాత్రం పాలపళ్ల విభాగంలో మిగిలింది.

విరామంలో మంచు మీదికి ఒక బండి వచ్చింది. కల్లం తొక్కే ట్రాక్టరంత ఉంటుంది. గీతలు పడ్డ మంచును చెక్కుకుంటూ, వెనకనుంచి వేడినీళ్లు పరుచుకుంటూ మెల్లగా చుట్లు తిరుగుతోంది. మంచు మీద వేడినీళ్లెందుకని మనవడిని అడిగాను. చల్లనీళ్లయితే పైపైన పొరలా నిలుస్తుందట, వేడివి పగుళ్లలోకి కరిగి దిగి ఒకటే బండగా అతుక్కుంటాయట. దీన్ని 1949లో కనిపెట్టిన కాలిఫోర్నియా ఆయన, ఫ్రాంక్ జాంబోనీ, మొదట ఐసు దిమ్మెలమ్ముకునే వ్యాపారి. ఇంటింటికీ ఫ్రిజ్జులొచ్చి దిమ్మెలు కొనేవాళ్లు తగ్గాక స్కేటింగ్ బరి పెట్టుకున్నాడు. మా ఊరి ఐసు వ్యాపారికి ఆ తెలివి తట్టి ఉంటే పెన్న ఒడ్డున ఏం వెలిసేదో.

రెండో పీరియడ్ నడుస్తోంది. ఇరవై నిమిషాలు, మా దగ్గర సీనియర్స్ జతకు చాలాచోట్ల పెట్టే టైమే. ఒక కుర్రాడికి పక్ ఒంటరిగా దొరికింది. ముందు గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. వాడు వంగి, తల దించి, భుజం ముందుకేసి దూసుకుపోతున్నాడు. కాడి మోసే గిత్త సరిగ్గా అట్లానే మెడ దించుతుంది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"హోయ్... హోయ్... హోయ్ హోయ్ హోయ్!"

చుట్టుపక్కల తలలన్నీ తిరిగాయి. గోల్‌కీపర్ కాలు చాచి ఆపేశాడు.

"నాయనా, వాడు ఎద్దు గాదు, కూచో" అన్నాడు మావాడు, చొక్కా లాగుతూ.

ముసలాయన మాత్రం మావాడి భుజం మీద చెయ్యేసి, అదేం అరుపని అడిగాడు. ఎద్దుల్ని తోలే అరుపని, ఆయన రొమ్ము మీదున్న ఎద్దు పుట్టినిల్లు మా వైపేనని, మా ఊళ్లో దాన్ని గిత్త అంటారని చెప్పించాను. ఆయన తన జెర్సీ వైపు ఒకసారి కిందికి చూసుకున్నాడు. "గిట్టా" అన్నాడు. గిత్త అన్నాను. "గిట్టా" అన్నాడు మళ్లీ.

మూడో పీరియడ్‌లో ఇంకో కుర్రాడికి పక్ ఒంటరిగా దొరికేసరికి, నేను లేచేలోపే ఆయన లేచి నిలబడ్డాడు.

"హోయ్ హోయ్ హోయ్!"